పార్టీ ఆఫీసులో అంజవ్వ బర్రె

మా నాయకులు వెంకోబరావు గారి ఆంతరంగికుడు దేవిదాస్ గారి మీద వచ్చిన లంచం ఆరోపణ వల్ల మా పార్టీకి ఎలాంటి నష్టమూ కలగలేదని బోధన్ శాఖ ప్రచార కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నష్టం కలగకపోగా మొన్నటి ఎన్నికల్లో మెజారిటీ పెరిగింది. ఇలాంటి ఆరోపణ ఇంకొకటి వస్తే బాగుండునని కార్యవర్గంలో కొందరు బాహాటంగానే అంటున్నారు. గిట్టనివాళ్లు ఊరూరా తిరిగి తలో రకంగా చెబుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పడం నా విధి.

ముందు దేవిదాస్ గారు ఎవరో చెప్పాలి. ఆయనకు పార్టీలో ఏ పదవీ లేదు. నిజామాబాద్‌లో వెంకోబరావు గారికి బంగళా ఉంది, బంగళాకు వరండా ఉంది, వరండాలో పేము కుర్చీ ఉంది, ఆ కుర్చీలో దేవిదాస్ గారు ఉంటారు. వెంకోబరావు గారు జన్మలో ఒకరి దగ్గర నిమ్మకాయ కూడా పుచ్చుకోలేదు. ఈ మాట శత్రువులు కూడా ఒప్పుకుంటారు. ఆయన చేతిదాకా ఏదైనా రావాలంటే వరండా దాటాలి. వరండా దాటి లోపలికి వచ్చిన వస్తువు ఇంతవరకు లేదు. భీమ్‌గల్ పసుపు బస్తా అయినా, ఇందల్వాయి మేకపోతు అయినా, నెయ్యి డబ్బా అయినా పేము కుర్చీ దగ్గరే ఆగిపోయేవి. నాయకుడి నిజాయితీని కాపాడటానికి దేవిదాస్ గారు పడిన పాట్లు ఆ దేవుడికే తెలియాలి. ఆ పాట్లతో ఆయనకు కొంచెం ఒళ్లు కూడా వచ్చింది.

ఇక చెరుకు సంగతి. మా వైపు చెరుకు పండించడం సులువు, కొట్టడం కష్టం. చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చే కోత పర్మిట్ చేతికి రానిదే చేనులో కత్తి పెట్టడానికి లేదు. పర్మిట్ ఆలస్యమైతే చెరుకు నిలబడ్డ చోటే పూతకొచ్చి, లోపల బెండుబారి, తూకం పడిపోతుంది. ఇందులో ఫ్యాక్టరీవాళ్ల తప్పేమీ లేదు. ఏ ఊరి నుంచి ఎన్ని బండ్లు రావాలో వాళ్లు పద్ధతిగానే చెప్పేవారు. ఊళ్లో ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది మాత్రం రైతుల సంఘం చూసుకునేది. సంఘాన్ని వెంకోబరావు గారు చూసుకునేవారు. వెంకోబరావు గారిని దేవిదాస్ గారు చూసుకునేవారు. దేవిదాస్ గారిని రైతులు చూసుకునేవారు. ఇలా ఒకరినొకరు చూసుకుంటూ జిల్లా చల్లగా ఉండేది.

చందూర్ పక్క పల్లెలో అంజవ్వ అని ఒక రైతు. భర్త పోశన్న పోయాక రెండెకరాల చెరుకు ఆమే చూసుకుంటోంది. ముందటేడు ఆమె పర్మిట్ అందరికన్నా చివర వచ్చింది. బండికెత్తిన చెరుకు కట్టెపుల్లల్లా తేలిపోయి, ఆ ఏడంతా ఆమె పరుల పొలాల్లో కూలి చేసి పొట్టపోసుకుంది. ఈసారి కూడా అదే గతి పడితే పొలం అమ్ముకోవడం తప్ప వేరే దారి లేదు. అందుకని ఊరి పెద్దల సలహా మీద, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పాడిని, సూడితో ఉన్న బర్రెను, నడిపించుకుంటూ నిజామాబాద్ తీసుకుపోయి పేము కుర్చీ ముందు కట్టేసింది. దేవిదాస్ గారు బర్రె పళ్లు చూసి, పొదుగు చూసి, అంజవ్వ ముఖం చూడకుండా, “పో అవ్వా, పర్మిట్ నీ ఇంటికే వస్తది” అన్నారు.

పర్మిట్ రాలేదు. చెరుకుకు పూత మాత్రం వేళకు వచ్చింది.

ఇక్కడ మా ప్రాంతపు ఆచారం ఒకటి చెప్పాలి. వెంకోబరావు గారు ప్రతి సభ చివరా రెండు చేతులు జోడించి, “ఎవరికైనా ఏదైనా కష్టముంటే నిర్భయంగా చెప్పండి” అంటారు. సభ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆయన కొంచెం ఆగి “సంతోషం” అంటారు. వెంటనే బ్యాండు మోగుతుంది. పెళ్లి భోజనాల దగ్గర ఆడపిల్ల తండ్రి వచ్చి “వంటలు బాగున్నాయా” అని అడిగితే ఉప్పు తక్కువైందని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. ఏళ్ల తరబడి ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అది ప్రశ్న అన్న సంగతే జనం మరిచిపోయారు. పొలం పనులతో ఏనాడూ సభలకు రాని అంజవ్వకు ఈ ఆచారం తెలియదు. ఆ రోజు చందూర్ సభలో ఆయన అడగగానే ఆమె లేచి నిలబడింది.

“నాకున్నది దొరా కష్టం” అంది. “మీ దేవిదాస్ సాబ్ పర్మిట్ ఇప్పిస్తనని నా సూడి బర్రెను కట్టేసుకున్నడు. బర్రె పాయె, పర్మిట్ రాకపాయె. చెరుకు బెండయితుంది. జర సూడుండ్రి.”

బ్యాండువాళ్లు అలవాటు ప్రకారం మొదలుపెట్టి, సగంలో ఆపేశారు. వెంకోబరావు గారు కూడా అలవాటు ప్రకారం “సంతోషం” అనేశారు. ఆ తర్వాతే ఆయనకు విషయం అర్థమైంది.

మర్నాటికల్లా ప్రతిపక్షంవాళ్లు కరపత్రాలు వేశారు. బర్రె బొమ్మ అచ్చు దొరక్క ఎద్దు బొమ్మ వేశారు. అయినా పార్టీ పరువు పోయే పరిస్థితి వచ్చిన మాట వాస్తవం. ఎన్నికలు చూస్తే ముంగిట్లో ఉన్నాయి. వెంకోబరావు గారు అత్యవసర సమావేశం పెట్టి, “అవినీతిని నేను సహించను. నా నీడే తప్పు చేసినా నీడను వదులుకుంటాను. ఎండలోనే నిలబడతాను” అని గద్గద స్వరంతో ఉపన్యసించారు. కొందరు కళ్లు ఒత్తుకున్నారు. మొదట ఒత్తుకున్నది దేవిదాస్ గారే.

ఆ సమావేశంలో కఠిన నిర్ణయాలు తీసుకున్నారు. దేవిదాస్ గారిని వరండా నుంచి సస్పెండ్ చేశారు. ఆయన పేము కుర్చీని వరండా మీద నుంచి దించి ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద వేయించారు. వచ్చేవాళ్లు కూడా శిక్షను గౌరవించి చెట్టు కిందికే పోసాగారు. నిజాల నిగ్గు తేల్చడానికి విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు రెవెన్యూ శాఖలో రిటైర్డ్ గిర్దావర్ రామ్‌దాస్ గారు. సర్కారు కొలువులో ఉన్నంతకాలం ఏ తగాదానూ తీర్పుదాకా రానివ్వని అనుభవజ్ఞులు. నిష్పక్షపాతం కోసం మిషన్ స్కూలు ఏసయ్య మాస్టారిని సభ్యుడిగా వేశారు. మూడో సభ్యుడు దేవిదాస్ గారి బావమరిది. నిందితుడి గురించి ఇంట్లోవాళ్లకే కదా బాగా తెలిసేది.

సాక్ష్యాన్ని స్వాధీనం చేసుకోవడం తర్వాతి పని. సదరు బర్రెను దేవిదాస్ గారి పెరట్లోంచి విప్పి, ముందు జీపు, వెనక బర్రె, ఆ వెనక జెండాలతో, నిజామాబాద్ నుంచి బోధన్ ఆఫీసుదాకా ఊరేగింపుగా తెచ్చి ఆవరణలో కట్టేశాం. “లంచాన్ని పట్టి తెచ్చిన ఏకైక పార్టీ” అని దారి పొడవునా నినాదాలిచ్చాం. జనం బర్రెకు దండాలు పెట్టారు. అంజవ్వ కూడా ఆఫీసు గేటుదాకా వచ్చింది. బర్రె ఆమెను చూసి అరిచింది. సాక్షులూ సాక్ష్యమూ విచారణకు ముందు కలుసుకోవడం పద్ధతి కాదని రామ్‌దాస్ గారు ఆమెను బయటనే ఆపించారు.

ఇంకొక నిర్ణయం కూడా చెప్పాలి. విచారణ మీద ఎలాంటి ప్రభావమూ పడకూడదని, అది ముగిసేదాకా అంజవ్వ పల్లె పర్మిట్లన్నీ నిలిపివేయాలని విచారణ సంఘం తీర్మానించింది. ఆమె ఒక్కతెది ఆపితే కక్ష అంటారు, ఊరంతటిదీ ఆపితే న్యాయం అంటారు. అందుకే ఊరంతటిదీ ఆపారు.

విచారణ మొదట్లో మందకొడిగా సాగిన మాట నిజం. సభ్యులకు తీరిక దొరకలేదు. ఇంతలో బర్రె ఈనింది. ఆ మర్నాడే తొలి సమావేశం జరిగింది. జున్ను వండించారు, సభ్యులు రెండోసారి కూడా వేయించుకున్నారు, ఎజెండాలో మిగతా అంశాలు వాయిదా పడ్డాయి. ఆనాటి నుంచి సంఘం ఒక్క పూట కూడా మానలేదు. చిక్కటి పాలతో చాయ్, సాయంత్రం పెరుగు. ఏ విచారణ సంఘమూ ఇంత శ్రద్ధగా సమావేశమైనట్టు మా జిల్లా చరిత్రలో లేదు. ఇది చూసి ప్రతిపక్షంవాళ్లకు కడుపు మండింది. సాక్ష్యాన్ని ఒకే పార్టీ దగ్గర ఉంచితే న్యాయం జరగదని, రోజు విడిచి రోజు తమ ఆఫీసులో కట్టేయాలని వినతిపత్రం తెచ్చారు. చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగి, సాయంత్రం పాలు వాళ్లకు పంపడానికి ఒప్పందం కుదిరింది. ఆ మర్నాటి నుంచి కరపత్రాలు ఆగిపోయాయి.

ఏసయ్య మాస్టారు ఒక్కరే పాలు లేని చాయ్ తాగేవారు. ఒకరోజు ఆయన ఒక ప్రశ్న వేశారు.

“గిర్దావర్ సాబ్, లంచం తప్పని మనం తేల్చేటట్లుంటే బర్రెను ఆమెకియ్యాలె. తప్పు గాదని తేల్చేటట్లుంటే దేవిదాస్‌కియ్యాలె. మరి పాలు మనమెందుకు తాగుతున్నం?”

రామ్‌దాస్ గారు చాయ్ ఊదుకుంటూ ఆలోచించారు. “ఇది తహకీకాత్‌ల రాదు మాస్టర్ సాబ్” అన్నారు. ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని రాసుకున్నారు.

ఇక్కడ చాయ్ చల్లారకుండా సాగుతుంటే అక్కడ పల్లెలో చెరుకు తెల్లగా పూసింది. దూరం నుంచి చూసేవాళ్లకు కనుల పండుగ. ఊరివాళ్ల కోపం సహజంగానే అంజవ్వ మీదికి మళ్లింది. దేవిదాస్ గారిని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన తన పని తాను చేశారు. బర్రెను కట్టేయమని ఆమెకు మొదట సలహా ఇచ్చిన ఊరి పెద్ద హన్మండ్లే ఒక పొద్దున ఆమె వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. నేనూ పార్టీ తరఫున వెంట ఉన్నాను.

“వదినె, అందరం ఇచ్చినోళ్లమే” అన్నాడు హన్మండ్లు. “నేను మేకపోతునిచ్చిన. ముత్యం రెండు గంపల కోళ్లు ఇచ్చిండు. ఎవలన్న లేసి అడిగినమా? నువ్వు మీటింగుల అడుగుడేంది. ఇంట్ల మాట ఇంట్ల ఉండాలె.”

“మీ పనులైనయి, మీరు అడగలే” అంది అంజవ్వ. “నాది కాలె, నేనడిగిన.”

అప్పుడు నేను పార్టీ ప్రతిపాదన వినిపించాను. మా పల్లెల్లో పశువును మేపుకివ్వడం అని ఒక పద్ధతుంది. గడ్డి వేయలేని పేదవాళ్లు తమ పశువును ఇంకొకరికి అప్పగిస్తారు. మేపినందుకు పాలూ, తొలి దూడా వాళ్లవి. ఆ తర్వాత పశువు సొంతదారుకు తిరిగి వస్తుంది. కాగితం లేకుండా నమ్మకం మీద నడిచే మంచి పద్ధతి. రామ్‌దాస్ గారు రెవెన్యూ అనుభవమంతా రంగరించి కనిపెట్టిందేమిటంటే, అంజవ్వ బర్రెను లంచమివ్వలేదు, దేవిదాస్ గారికి మేపుకిచ్చింది. ఆ మాట మీద ఆమె వేలిముద్ర వేస్తే ఆరోపణ ఉండదు, ఊరి పర్మిట్లు విడుదలవుతాయి, బర్రె కూడా పాలు ఎండిపోయాక ఇంటికి వస్తుంది. దూడ మాత్రం పద్ధతి ప్రకారం దేవిదాస్ గారిది. ఇందరికి ఇంత మేలు చేసే అబద్ధం నేను ఇంతవరకు చూడలేదు.

హన్మండ్లు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“నాకు గడ్డి లేకనా సారూ మేపుకిచ్చింది?” అంది అంజవ్వ. “ఆయన చచ్చిపోయినంక గూడ దాన్ని ఒక్కపూట పస్తు పెట్టలే. నేను తినకున్న దానికేసిన. లంచమిచ్చిన, తప్పే, సగం తప్పు నాది. మోస్త. గాని ఈ అబద్ధం మొయ్య. వేలెయ్య.”

ఆమెను చూస్తే నాకు జాలి వేసింది. పార్టీపరంగా వేయకూడదు కానీ వేసింది. కార్యవర్గానికి నివేదించేటప్పుడు ఆ సంగతి చెప్పలేదు.

వేలిముద్ర లేకపోయినా తీర్పు ఆగదని, బోధన్‌లో బహిరంగసభ పెట్టి విచారణ ఫలితం ప్రకటించాలని నిర్ణయించాం. మైకు కట్టాం, దీపాలు పెట్టాం. చెరుకు బండ్లవాళ్లు బండ్లు విడిచి వచ్చారు. రామ్‌దాస్ గారు మేపు ధర్మం గురించి వేదకాలం నుంచి మొదలుపెట్టి చక్కగా చదివారు. చప్పట్లు పడ్డాయి. వెంకోబరావు గారు ముగింపుగా, అలవాటు ప్రకారం, రెండు చేతులు జోడించి, “ఎవరికైనా ఏదైనా కష్టముంటే నిర్భయంగా చెప్పండి” అన్నారు.

ఆచారాల్లో ఉన్న ప్రమాదమే ఇది. మనిషి ఆలోచించి మాట్లాడేటప్పుడు రాని మాట అలవాటులో వచ్చేస్తుంది. అంజవ్వ అప్పటికే మైకు దగ్గరికి నడుస్తోంది.

“నేను మేపుకియ్యలే” అంది. మైకు గరగరలాడింది. “లంచమిచ్చిన. తీసుకునుడు తప్పని నేను అంటలేను. అందరికాడ తీసుకుంటడు, అందరిస్తరు. నాకాడ తీసుకున్నడు, పని చెయ్యలే. గంతే నేను అడిగేది. తీసుకొని చెయ్యకుంటే ఇగ మేమెట్ల బతకాలె?”

సభలో గుసగుస పుట్టింది. పార్టీలో నా అనుభవమంతా కూడగట్టి చెబుతున్నాను, అలాంటి గుసగుస నేను ఎన్నడూ వినలేదు. దేవిదాస్ గారు లంచం తీసుకున్నారని తెలిసినప్పుడు జనం చలించలేదు. ఊరేగింపులో బర్రెకు దండం పెట్టినవాళ్లు నవ్వుకుంటూనే పెట్టారు. కానీ చందూర్‌లో బర్రె గోలలో ఎవరికీ పట్టని, తీసుకుని పని చేయలేదు అన్న మాట ఈసారి మైకులో వినపడి గుంపులో నిప్పురవ్వలా పాకింది. కోళ్లిచ్చినవాడు మేకనిచ్చినవాడి ముఖం చూశాడు. నెయ్యి ఇచ్చినవాడు మెల్లగా లేచి నిలబడ్డాడు. వెనక వరుసలో ఎవరో ముసలాయన, “గట్లయితే ఇగ ఇమానేం ఉన్నది, నమ్మకమేం ఉన్నది?” అన్నాడు. వేదిక మీద వెంకోబరావు గారి ముఖం పాలిపోయింది. ఆ ఒక్క గడియ మా పార్టీ నిజంగానే ఓడిపోయి ఉంది.

సభ ముగియకముందే జీపు రైతుల సంఘం ఆఫీసుకు పరుగెత్తింది. మర్నాడు సూర్యోదయానికి పర్మిట్ అంజవ్వ చేతిలో ఉంది. కొట్టే కూలీలను పార్టీయే తెచ్చింది. వెంకోబరావు గారు స్వయంగా చేనులోకి దిగి మొదటి గడ నరికారు. ఫోటో కోసం ఆ గడను మళ్లీ నిలబెట్టి మరొకసారి నరికారు. దేవిదాస్ గారు చెప్పులు విడిచి, మోకాలిదాకా ధోతీ మడిచి, చెరుకు మోపులు మోశారు. అంజవ్వ బండ్లకు పార్టీ జెండాలు కట్టి, దారిలో బారులు తీరిన బండ్లన్నిటినీ పక్కకు తప్పించి, ముందుగా ఫ్యాక్టరీ గేటు దాటించాం. ఆ బండ్లవాళ్లలో ఎవరూ అడ్డు చెప్పలేదు. పైగా దారి ఇస్తూ చేతులెత్తి దండం పెట్టారు. చెరుకు పూర్తిగా బెండుబారక ముందే తూకం పడింది. పొలం అమ్ముకునే గండం గడిచింది. చీటీ చేతిలో పట్టుకుని ఆ తల్లి తూకం దగ్గరే కూలబడి ఏడ్చింది. మా కళ్లు కూడా చెమర్చాయి. ఊరి పర్మిట్లు కూడా ఆ వారమే విడుదలయ్యాయి.

ఎన్నికల ప్రచారానికి ఇక వేరే మాటలు వెతకాల్సిన అవసరం రాలేదు. “తీసుకున్నామంటే చేసి తీరుతాం” అన్న నినాదాన్ని గోడగోడకూ రాయించాం. ప్రతిపక్షంవాళ్లు “మేము తీసుకోము” అని ప్రచారం చేసుకుని డిపాజిట్లు పోగొట్టుకున్నారు. తీసుకోనివాడు చేస్తాడని నమ్మకమేమిటని జనం అడిగారు. వెంకోబరావు గారు గెలిచారు. దేవిదాస్ గారి పేము కుర్చీ చెట్టు కింది నుంచి వరండాలోకి తిరిగి వచ్చింది. నిందను మోసి, మోపులనూ మోసిన త్యాగానికి గుర్తింపుగా ఆయనను పార్టీ క్రమశిక్షణ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశాం.

గెలుపు సన్మానం నాడు అంజవ్వ ఆఫీసుకు వచ్చింది. చేతిలో పలుపుతాడు ఉంది. ఆవరణ నిండా జనం. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా బర్రె దగ్గరికి పోయి, దాని మెడ నిమిరి, కట్టు విప్పబోయింది. కార్యకర్తలు మర్యాదగానే ఆపారు. ఆమె నా వైపు తిరిగింది.

“సారూ, ఒక్క మాట చెప్పుండ్రి” అంది. “నా పని బర్రెనిచ్చినందుకైందా, మీటింగుల అడిగినందుకైందా? ఇచ్చినందుకైతే ఇచ్చిన్నాడే గావాలె, కాలె. అడిగినందుకే అయింది. మరి బర్రె నాది నాకియ్యాలె గద.”

నేను ప్రచార కార్యదర్శిని. ఎంతటి ప్రశ్నకైనా జవాబు చెప్పడం నా వృత్తి. ఆ రోజు మాత్రం సన్మానం దండలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ లోటు జనమే తీర్చారు. హన్మండ్లు ముందుకొచ్చి, ఎంతో ప్రేమగా ఆమె చేతిలోని తాడు తీసుకున్నాడు.

“పనైంది గద వదినె” అన్నాడు. “పనైనంక గూడ బర్రె గావాల్నంటే ఎట్ల? ధర్మముండాలె.”

అవునవునని ఆవరణంతా తలలూపింది. అందులో మేము తెచ్చిన మనిషి ఒక్కడూ లేడు. అందరూ ఆమె ఊరివాళ్లే, ఆమె కష్టం ఎరిగినవాళ్లే. అంజవ్వ అందరి ముఖాలూ చూసి, బయటికి నడిచి పోయింది. బర్రె, దూడ ఇప్పుడు దేవిదాస్ గారి పెరట్లో క్షేమంగా ఉన్నాయి.

ఇదీ జరిగింది. చదివినవారు మా పార్టీని తప్పుపడతారని నాకేమీ భయం లేదు. చెరుకు తూకం పడిన చోట మీరూ “పోనీలే, ఆమె పని అయింది” అని ఊపిరి పీల్చుకున్నారు. అక్కడ బర్రె సంగతి మీకు గుర్తు రాలేదు. మా పార్టీ సభ్యత్వానికి ఇంతకన్నా అర్హత అక్కర్లేదు. చందా కూడా కట్టనవసరం లేదు, మీరు ఎప్పటినుంచో మాలో ఉన్నారు.